మూడువందల పన్నెండో ఆవర్తం

ఆ సింఫనీ మొత్తంలో లాంబెర్ట్ కొట్టాల్సింది ఒకే ఒక్క దెబ్బ. గంటన్నర సంగీతంలో, మూడో భాగం చివర, మూడువందల పన్నెండో ఆవర్తంలో రెండు ఇత్తడి తాళాలను ఒక్కసారి మోగించాలి. అంతవరకు వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టాలి.

"దీనికి మనిషెందుకు? మేకుకు తగిలిస్తే ఎప్పుడో ఒకప్పుడు అవే పడి మోగుతాయి," అంది మొదటి రిహార్సల్ రోజున పక్క కుర్చీలో హార్ప్ వాయించే రోస్విత. లాంబెర్ట్ కోపం తెచ్చుకోబోయాడు. ఆమె నవ్వు చూసి లెక్క మరిచిపోయాడు.

లింట్జ్‌లో ఆ సింఫనీ వాయించడం ఇది రెండోసారి. నూటపదేళ్ల కిందట తాళాలవాడు నిద్రపోయాడట. ఆ దెబ్బ వినపడక జనం అసలు సంగీతం ఇంకా మొదలే కాలేదనుకుని, మొదలయ్యాక పిలవమని భోజనాలకు వెళ్లారట. ఎవరూ పిలవలేదు. అందుకని కండక్టర్ ఆరు వారాలుగా రోజూ లాంబెర్ట్‌ను కంటినిండా నిద్రపోయావా అని అడుగుతున్నాడు.

ఆ ఆరు వారాలూ లాంబెర్ట్ రోస్వితతో వాన గురించీ గొడుగుల గురించీ మాట్లాడాడు. అసలు మాట మాత్రం అడగలేకపోయాడు. కచేరీ మర్నాడే ఆమె బ్రెగెంజ్ ఆర్కెస్ట్రాలో ఉద్యోగానికి వెళ్లిపోతోంది.

ఆదివారం ఉదయం చర్చిలో పూజ ముగించుకుని ఊరంతా హాలుకొచ్చింది. మూడో భాగంలో రోస్వితకూ పనిలేదు. అతనికి తోడుగా తనూ లెక్కపెడుతోంది.

"నూట తొంభై ఒకటి. నన్ను పెళ్లి చేసుకుంటావా? నూట తొంభై రెండు," అని లాంబెర్ట్ పెదవులు కదపకుండా గొణిగాడు.

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు? నూట తొంభై..." రోస్విత ఆగిపోయింది. తన వేళ్లు చూసుకుంది, అతని వేళ్లు చూసింది. రెండు చేతులూ రెండు లెక్కలు చెబుతున్నాయి.

సైగ చేయాల్సిన కండక్టర్ తన్మయత్వంలో కళ్లు మూసుకున్నాడు. వయొలిన్లు పైపైకి పోతున్నాయి. పోయిన తాళంచెవులు వెతికిపెట్టే పునీత అంతోనివారు పోయిన లెక్క కూడా వెతుకుతారా? ఇంత చిన్నపనికి ఆయన్ను కదిలించవచ్చా? లాంబెర్ట్‌కు తెలియదు. అయినా ప్రార్థించాడు.

వేదిక వెనుక వరసలోంచి ఒక ముసలాయన ముందుకు వంగాడు. ఆయన రోస్విత తండ్రి ఓట్మార్. ఒళ్లో స్వరాల పుస్తకం తెరిచి ఉంది.

"మూడువందల ఆరు. లే బాబూ."

లాంబెర్ట్ లేచి తాళాలెత్తాడు.

"నువ్వూ ఏదో ఒకటి చెప్పు తల్లీ. పాపం, పిల్లాడు తాళాలెత్తుకుని నిలబడ్డాడు. తొమ్మిది."

"మరి బ్రెగెంజ్, నాన్నా?"

"అక్కడా తాళాలు కొట్టేవాడు కావాలిగా. పదకొండు."

రోస్విత నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే పన్నెండు వచ్చింది. లాంబెర్ట్ కొట్టాడు. హాలు దద్దరిల్లింది, కండక్టర్ కళ్లు తెరిచాడు. ఆమె పెదవులు కదిలి ఆగాయి. ఏమందో అతనికి వినపడలేదు.

వెంటనే నాలుగో భాగం మొదలైంది. అందులో హార్ప్‌కు క్షణం తీరిక లేదు. లాంబెర్ట్ తాళాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, అయిదు నిమిషాలు, పది నిమిషాలు. కండక్టర్ కంగారుగా అతని వైపే చూస్తున్నాడు, ఇంకో దెబ్బ కొడతాడేమోనని.

ఓట్మార్ మళ్లీ వంగాడు. నలభై ఏళ్లు ఆ తాళాల పక్కనే నగారా వాయిస్తూ, ఆ మోతలోనూ మాట పట్టడం నేర్చిన చెవులు ఆయనవి.

"'సరే' అందిలే బాబూ. ఇక కూర్చో."