మ్యాప్ వెనక పెన్సిల్ రాత

లామినేషన్ మెషిన్ నోట్లోంచి వేడివేడిగా బయటికొస్తున్న మ్యాప్‌ని చూసి ఆ అబ్బాయి కౌంటర్ పట్టుకున్నాడు. పట్టుకోకపోతే పడిపోయేవాడే.

"ఏం చేశారండీ?"

"మడతల దగ్గర చిరుగుతోందని లామినేట్ చేశాను," అంది ప్రింట్ షాపు అమ్మాయి, మెచ్చుకుంటాడేమోనని ఎదురుచూస్తూ.

"నేను అడిగింది స్కాన్."

"స్కాన్ కూడా చేశాను."

"నలభై ఏళ్ళ నాటి మ్యాపండీ ఇది. మా క్లబ్బు మొదటి పోటీది. ఇప్పుడిది మ్యాప్ కాదు, హోటల్లో మెనూ కార్డు."

వెనకాల కాగితాలు కత్తిరిస్తున్న ఆమె బాబాయి కత్తెర ఆపి పెదవి కొరుక్కున్నాడు. షాపు ఆయనది, నోరు మాత్రం ఆమెది. ఆ నోరు మొదటిసారి మూతపడటం ఆయన అప్పుడే చూశాడు.

ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించేది ఆ అబ్బాయే. ఓరియెంటీరింగ్ అతని పిచ్చి. అంటే మ్యాపూ దిక్సూచీ పట్టుకుని, అడవిలో దాచిన గుర్తులు వెతుక్కుంటూ పరిగెత్తే ఆట. పరుగు అతనికి అచ్చిరాలేదు. అయిపోయిన పోటీల మ్యాపులు పోగెయ్యడం మాత్రం బాగా అచ్చొచ్చింది.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అని ఆమె మెల్లగా అడిగింది.

"ఇది పోగా పదకొండు వందల ఎనభై రెండు."

"అన్నీ నేనే స్కాన్ చేసిపెడతాను. బుధవారానికి అరవై చొప్పున. తప్పు నాదేగా."

అలా మొదలైంది. ప్రతి బుధవారం మధ్యాహ్నం అతను అట్టపెట్టె పసిబిడ్డలా ఎత్తుకొచ్చేవాడు. దానితో పాటు షరతులు కూడా తెచ్చేవాడు. చేతులు కడుక్కోవాలి. క్లిప్పు పెట్టకూడదు. టేపు మాటే ఎత్తకూడదు. స్కాన్ నంబరు వెయ్యాలంటే వెనకవైపు మూల, అదీ మెత్తటి పెన్సిల్‌తో. నాలుగో బుధవారం ఆ పెన్సిల్ కూడా తనే తెచ్చిచ్చాడు. ఒక మగవాడి నుంచి ఆమె అందుకున్న మొదటి కానుక అది. దాన్ని షాపు డబ్బాలో వెయ్యకుండా హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"తెల్లగా ఉంటే హాయిగా పరిగెత్తగలిగే అడవి," అని అతను వేలు తగలకుండా చూపించేవాడు. "ముదురు పచ్చ ఉంటే లోపలికి దూరలేం."

"మీరెప్పుడైనా గెలిచారా?"

"ఒకసారి చీకటి పడకముందే బయటికొచ్చాను."

ఆమె నవ్వితే అతని చెవులు ఎర్రబడేవి. అంతకుమించి ఒక్క మాట రాలేదు. "పైకి తెల్లగానే కనిపిస్తాడు బాబాయ్, లోపలంతా ముదురు పచ్చ," అని ఆమె వాపోయింది.

పందొమ్మిదో బుధవారం అతను, "ఇంకొక్క వారమేనండీ," అన్నాడు. తలుపు దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, గొడుగు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. పెట్టె మాత్రం సాయంత్రం దాకా ఆమె దగ్గరే ఉంది. ఇక లాభం లేదని ఆమె తెగించింది. పెట్టెలో అన్నిటికంటే పైనున్న పార్కు మ్యాప్ తిరగేసి, అదే పెన్సిల్‌తో రాసింది: "మీరంటే నాకు ఇష్టం. మీకూ అలాగే ఉంటే ఆదివారం ఉదయం పదింటికి ఈ పార్కు వంతెన దగ్గరికి రండి."

ఆదివారం పదింటికి వాన వచ్చింది. అతను రాలేదు. ఆమె పన్నెండింటి దాకా నిలబడింది. ఒక కుక్క వచ్చి గొడుగు కింద కాసేపు సర్దుకుని, దానికీ విసుగొచ్చి వెళ్ళిపోయింది.

బుధవారం అతను ఎప్పటిలాగే వచ్చాడు.

"పార్కు మ్యాప్ చూశారా?" అంది ఆమె.

"చూశానండీ."

"ఏమనిపించింది?"

"కొంచెం వంకరగా వచ్చింది. పర్లేదు, వదిలేద్దాం."

వదిలేద్దామట. మిగిలిన నలభై రెండు మ్యాపులనీ ఆమె పళ్ళ బిగువున స్కాన్ చేసింది. ఒక్కటీ వంకర పోలేదు.

"ఈ శనివారం అన్నీ క్లబ్బుకి ఇచ్చేస్తున్నాను," అన్నాడతను నేల చూస్తూ. "మంచాల కింద చోటు కావాలని అమ్మ పట్టుబట్టింది. సెక్రటరీ గారు ప్రతి మ్యాపూ రెండువైపులా చదివి, ఉన్నదున్నట్టు క్యాటలాగ్‌లో ఎక్కిస్తారట."

ఆమె చప్పున తలెత్తింది. "రెండువైపులానా? మీరు వెనకవైపు చూడరా?"

"వెనక ఏముంటుందండీ, మీ నంబరేగా."

ఇంతలో ముగ్గురు కస్టమర్లు ఒకేసారి కౌంటర్ మీద పడ్డారు. అతను పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. అతను కాదనలేదు, అసలు చదవనే లేదు. ఆ సంతోషం క్షణం కూడా నిలవలేదు. శనివారం సెక్రటరీ చదువుతాడు. ఆపైన క్లబ్బంతా చదువుతుంది. ఒకసారి తెగించడానికే పందొమ్మిది వారాలు పట్టింది, రెండోసారికి ఓపిక లేదు. శుక్రవారం సాయంత్రం ఆమె ఒక రబ్బరు కొనుక్కుని వాళ్ళింటికి బయల్దేరింది.

వాళ్ళమ్మ తలుపు తీసింది.

"పార్కు మ్యాప్ వంకరగా వచ్చిందండీ. మళ్ళీ చేద్దామని."

"లామినేషన్ అమ్మాయివి నువ్వేనా? రా తల్లీ. వాడు భోజనానికి కూర్చుంటే నీ మాటే." ఆవిడ మంచం చూపించింది. "చూడు, కింద సొరుగులు పెట్టీ పెట్టీ నా మంచం ఎంత ఎత్తుకి లేచిందో. పడుకోవాలంటే స్టూలు వేసుకుంటున్నాను."

ఒక్కో మ్యాపుకీ పల్చటి కాగితపు కవరు, ఒక్కో కవరు మీద సంవత్సరం. మాటలు విని వచ్చిన అతను సొరుగులోంచి పార్కు మ్యాప్ తీసి, బోర్లించకుండా, రెండు చేతులా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కాస్త మంచినీళ్ళు ఇస్తారా?" అంది ఆమె.

అతను అటు వెళ్ళగానే మ్యాప్ తిరగేసి రుద్దడం మొదలెట్టింది. మొదటి వాక్యం పోయింది. రెండోది మొదలుపెట్టబోతుంటే వెనక గ్లాసు చప్పుడైంది.

"రబ్బరా?" లామినేషన్ రోజున కూడా అతను ఇంతగా బెదిరిపోలేదు. "మ్యాప్ మీద రబ్బరా?"

లాక్కున్నాడు. మొదటిసారి వెనకవైపు చూశాడు. కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని, అతని దగ్గర బోర్డు చదివే పేషెంటులాగే, చెరిగిపోయిన అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. "మీ... రం... టే... నా... కు..."

ఆపైన గట్టిగా చదవలేదు.

"ఆదివారం అయిపోయింది లెండి," అంది ఆమె. కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. "వాన కూడా వచ్చింది. రెండు గంటలు నిలబడ్డాను."

"ఆ రెండు గంటలూ నేను ఈ మ్యాపే ముందేసుకుని కూర్చున్నాను," అన్నాడతను. "మీకు ఎలా చెప్పాలా అని. నాకు మీరంటే ఎంత ఇష్టమో చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తిరగేసి ఉంటే సరిపోయేది."

అతను మ్యాప్‌ని మళ్ళీ బల్ల మీద పరిచాడు.

"ఆ పెన్సిల్ ఉందా?"

హ్యాండ్‌బ్యాగులోంచి తీసి ఇచ్చింది. అతను మ్యాప్ మీదికి వంగి, "ఆదివారం" అన్న మాటకి ముందు చిన్న అక్షరాలతో ఒక్క మాట రాశాడు: "ప్రతి."

"ఏం రాశాడో నాకూ చూపించమ్మా, కళ్ళజోడు తెచ్చుకుంటాను," అంది వాళ్ళమ్మ గుమ్మంలోంచి.

శనివారం సెక్రటరీ గారు ఇంటికొచ్చి, రెండుసార్లు లెక్కపెట్టి, రెండు మ్యాపులు తక్కువున్నాయన్నారు.

"ఒకటి లామినేట్ అయిపోయింది," అంది వాళ్ళమ్మ. "రెండోది ఇవ్వం లెండి. ఆ ఒక్కదానికీ నా మంచం కింద చోటుంది."

ఆదివారం మళ్ళీ వానే. పది కొట్టకముందే అతను వంతెన మీద ఉన్నాడు. గొడుగు మర్చిపోయాడు గానీ చేతిలో నలభై ఏళ్ళ నాటి మెనూ కార్డు ఉంది. ఆమె రాగానే దాన్ని రెండు చేతులా ఎత్తి ఆమె తల మీద పట్టాడు. ఒక్క చుక్క దిగలేదు.