ఆకుధార ఏ వర్గం?

హైమవతి తొలి వరుస ప్రతికాలేయాలకు పోషకద్రవం పట్టించి మూతలు బిగించింది. గాజు గిన్నెల్లో బఠాణీ గింజంత కండలు. ఒక్కొక్కటీ పట్టణంలో ఒక్కొక్కరి కణాల నుంచి పెంచినది. డాక్టరు రాసిన ఏ మందైనా ముందు దాని మీద పడాలి. అది తట్టుకుంటేనే మనిషి నోటికి చేరుతుంది.

ఎదుటి బల్ల మీద సన్యాసమ్మ కూర్చుని ఉంది. కంటి తెల్లగుడ్లు పచ్చబడ్డాయి.

“ఈమె ప్రతికాలేయం నిర్దోషం. రోగి ఏ ఔషధమూ వాడడం లేదు,” అంది గోడలోంచి నిర్ణాయకి, ఏది పరీక్షించాలో తేల్చే యంత్రం.

హైమవతి ఆ కళ్ళనే చూస్తూ, “ఏం తాగుతున్నావమ్మా?” అని అడిగింది.

“మందులేటీ నేవు తల్లీ. మోకాళ్ళ నొప్పులకి ఆకుధారే. గవర్నమెంటోలు వీధి కుళాయిలో ఒదుల్తున్నదే. ఆకుల కసాయమే కదా, ఏటవుద్ది?”

ఆమె చెంబులో ఇంకా కాస్త మిగిలి ఉంది. హైమవతి పిప్పెట్టు ముంచింది.

“ఆకుధార ఆహారవర్గం. ఆహారానికి పరీక్ష లేదు,” అంది నిర్ణాయకి.

గిన్నెల్లో మందు చుక్కలు వేసే యంత్రహస్తం కదల్లేదు. హైమవతి తన చేత్తోనే సన్యాసమ్మ ప్రతికాలేయం మీద చుక్కలు వేసింది. మధ్యాహ్నానికి ఆ కండ అంచులు పాలిపోయి, పిండిలా విడిపోసాగాయి.

కషాయం ఇక ముట్టవద్దని చెప్పి, ఆమెను అంబులెన్సు ఎక్కించి వచ్చేసరికి పర్యవేక్షకుడు రామభద్రం గిన్నె ముందు నిలబడి ఉన్నాడు.

“ఊరంతా తాగుతున్నారు. పొద్దున నేనూ తాగాను. ఎవరికేమైంది?”

“ఆవిడకి అయింది సార్. అందరికీ కాదు, కొందరికే పడదేమో. ఆ కొందరెవరో మనం ఎప్పుడూ చూడలేదు.”

“పొరపాటున ఒలికిందని నిర్ణాయకికి చెప్పు. ఆవిడ ఎలాగూ మానేస్తుంది కదా. ఔషధమన్నావంటే పరీక్షలయ్యేదాకా జిల్లా అంతటా ధార ఆగిపోతుంది. జనం మన మీద పడతారు.”

“గిన్నెలో పడిన పదార్థం ఏ వర్గం?” అని అడిగింది నిర్ణాయకి.

ఆకుధార మంచిదని ఇంటింటికీ తిరిగి చెప్పినవాళ్ళలో హైమవతీ ఉంది.

“ఔషధం,” అంది.

నేల కింద ఆకుధార పంపుల హోరు సన్నగిల్లి, ఆగిపోయింది. వరుసల మీద ఎర్ర దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలగసాగాయి. “పరీక్షించవలసినవారు: ఊరంతా,” అంది నిర్ణాయకి.

రామభద్రం తిట్టడానికే నోరు తెరిచాడు. అంతలో ఆ దీపాలు చూశాడు. వరుసల మధ్యకు నడిచి, గిన్నెల మీది పేర్లను వంగి వంగి చదవసాగాడు.

“హైమా,” అన్నాడు కాసేపటికి, గొంతు తగ్గించి. “నాది ఎక్కడుందమ్మా?”