పసుపంటిన పంచె

"ఎవరు సేసారీ పని?"

డాబా మీద ఈశ్వరి కేకకి పిట్టగోడ మీది కాకి ఎగిరిపోయింది. మేడ గదిలో అద్దెకి దిగి నాలుగు రోజులైనా కాని గురుప్రసాద్ మాత్రం నవ్వుతూ బయటికొచ్చాడు.

"నేనేనండీ. పుదీనా పాపం నీడలో పడుంటే ఎండలోకి జరిపాను. ఎండ ఎక్కువైతే ఎవాపరేషన్ ఎక్కువ కదా!"

"ఏటి ఎక్కువ? ఆకు నల్లగా మాడిపోనాది, సూడండి! మామిడి ముక్కలకి ఎండ, ఆకులకి నీడ. ఫిజిక్స్ లెక్చరరంట, ఇది తెల్దా?"

"సిలబస్‌లో లేదండీ."

ఈశ్వరికి నవ్వు తన్నుకొచ్చింది. అది కనపడకుండా చాట ఎత్తుకుని చరచరా మెట్లు దిగిపోయింది.

అప్పట్నుంచి కాలేజీ నుంచి రాగానే "ఇవాళేం ఆరాయి మేడమ్?" అంటూ డాబా మీద తయారయ్యేవాడు. ఆమె చెప్పేది. పెరటి వంకాయలు, కరివేపాకు, మామిడికాయలు ఎండబెట్టి, వాటిని అమ్మడానికి వచ్చే ఆదివారం శ్రీకాకుళంలో మొట్టమొదటిసారి స్టాల్ పెడుతోంది మరి. అందులో అసలు సరుకు మామిడి ఒరుగులే. ఉప్పూ పసుపూ పట్టించిన ముక్కలు నాలుగెండలు తినాలి. ఒక్క వాన తగిలితే బూజే.

శుక్రవారం సాయంత్రం అతనో కొత్త పంచె తెచ్చి చూపించాడు.

"అమ్మ పంపింది. ఆదివారం విజయనగరంలో పెళ్ళిచూపులట. ఎలా ఉంది?"

"బాగున్నాది," అంది ఈశ్వరి, పంచె వైపు సరిగ్గా చూడకుండానే.

"అంతేనా? ఇంకేం చెప్పరా?"

"నాకేటి పని? మీ పెళ్ళి, మీ పంచె!"

ఆ రాత్రి అన్నం సయించలేదు. అతనంటే ఇంత ఇష్టమని అప్పటిదాకా ఆమెకే తెలీదు.

శనివారం ఆఖరి ఎండ. మిట్టమధ్యాహ్నం డాబా నిండా ముక్కలు, నీడపట్టున కరివేపాకు పరిచి, లేబుళ్ళ కోసం శ్రీకాకుళం వెళ్ళింది. తిరుగు ఆటో తమ ఊరు ఆమదాలవలస చేరకుండానే వాన దంచేసింది. ఇంట్లో ఎవరూ ఉండరనుకుంది. నాన్న గణపతిరావు మిల్లు డ్యూటీలో ఉన్నాడు. ఆటో ఆగీ ఆగకముందే దూకి, తడుస్తూ మెట్లెక్కింది.

డాబా ఖాళీగా ఉంది.

అంతలో గదిలోంచి ఫ్యాన్ గరగర వినిపించింది. తలుపు తోసి అలాగే నిలబడిపోయింది.

మంచం మీద ఒరుగులు. టేబుల్ మీద, పరిచిన దుప్పట్ల మీద ఒరుగులే. కరివేపాకు విడిగా, కిటికీకి దూరంగా ఓ మూల. నిలువునా తడిసిన గురుప్రసాద్, అట్టముక్కతో విసురుతున్నాడు.

"ఒక్క ముక్కా తడవలేదు మేడమ్! ఆకులు నీడలోనే పెట్టా, చూడండి!"

ఈశ్వరికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పుడు చూసింది. కిటికీ పక్కన ముక్కల కింద పరిచింది ఆ కొత్త పంచె. నిండా పసుపు మరకలు.

"అయ్యో! రేపు ఏటి కట్టుకుని ఎల్తారు?"

"వెళ్ళను. నిన్న మీరు 'వెళ్ళొద్దు' అంటారేమోనని చూపించా. అనలేదు."

"మీరే సెప్పొచ్చుగా!"

"ఇప్పుడు చెప్తున్నా. నాకు మీరంటే చాలా ఇష్టం."

"నాకూను," అంది. అనేశాక చెంపలు వేడెక్కాయి.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. డ్యూటీ దిగొచ్చి, అంతా విన్నట్టే గొడుగు ముడుస్తూ గణపతిరావు! కూతుర్ని, అతన్ని, పంచెని చూశాడు.

"ఇంత పసుపంటిన పంచె కట్టుకుని ఇంకోరింటికి ఏటెల్తారు మాస్టారూ? మీ అమ్మగారికి ఫోన్ సెయ్యండి. సూపులేవో ఇక్కడే సూసుకుందురు." కూతురి వైపు తిరిగాడు. "ఏటే, రేపు రమ్మంటావా?"

ఈశ్వరి వంగి, పంచె మీది ముక్కలు ఒక్కొక్కటే తిరగేయడం మొదలెట్టింది.

"సాయంత్రం రమ్మను నాన్నా. పొద్దున్న స్టాల్ ఉన్నాది," అని, ఓరగా అతన్ని చూసింది. "మాస్టారూ, నిలబడ్డారేటి? ఆ పక్క మీరు తిరగెయ్యండి!"