ఆరువందల ట్రాకుల్లో ఒక వయొలిన్

"మీ ప్లగిన్ నా సినిమాని చంపేస్తోంది!"

ఫోన్‌లో అవతలి మనిషి అరిచిన మొదటి మాట అది. సపోర్ట్ డెస్క్‌లో ఉన్న అమ్మాయి హెడ్‌ఫోన్ కాస్త దూరం జరిపింది.

"అయ్యో. పోయే ముందు స్క్రీన్ మీద ఏమైనా మెసేజ్ వచ్చిందా సార్?"

"జోకులా?"

"కాదండీ. ఆ చివరి మాటే మాకు ఆధారం."

అతనొక సంగీత దర్శకుడు. ఇది మొదటి సినిమా. ఆర్కెస్ట్రాలోని వాద్యాలన్నీ ముందే వరసగా అమర్చి పెట్టుకున్న టెంప్లేట్ ఒకటి అతని కంప్యూటర్‌లో ఉంది. మొత్తం ఆరువందల ట్రాకులు. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసిన దగ్గర్నుంచి, ఆ ఫైలు తెరిచిన పది నిమిషాలకే మొత్తం మూతపడుతోంది. సంగీతం అప్పగించడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ప్లగిన్లు అనే ఆ కంప్యూటర్ వాద్యాల్లో సగం ఈ అమ్మాయి కంపెనీవే కాబట్టి కోపమంతా ఆమె నెత్తిన పడింది.

ఇంటికే ఇంజినీరు వస్తారని చెప్పి ఫోన్ పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే జోరువానలో ఆమే అతని ఇంటి తలుపు తట్టింది. గొడుగు తిరగబడి ఉంది. లాప్‌టాప్ సంచీని మాత్రం చంటిపిల్లలా గుండెకు హత్తుకుని ఉంది.

అతను ఆమె వెనక్కి తొంగిచూశాడు. "ఇంజినీరుగారు రాలేదా?"

"వచ్చారండీ. తడిసి కాస్త ముడుచుకుపోయారు, అంతే."

అతనికి నవ్వొచ్చింది. కోపంగా ఉన్నానని గుర్తొచ్చి ఆపుకున్నాడు.

ఆమె పద్ధతి తేలికే, ఓపిక మాత్రం చాలా కావాలి. సగం ట్రాకులు ఆపేసి ఫైలు తెరవడం. పడిపోతే మిగిలిన దాంట్లో మళ్ళీ సగం ఆపడం, పడకపోతే గంటలకొద్దీ చూసి రెండో సగం మొదలెట్టడం. మధ్యమధ్య అతను దొంగచూపులు చూడటం, ఆమె స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే "ఎర్రర్ అక్కడ లేదండీ, ఇక్కడుంది" అనడం.

మూడోరోజు మధ్యాహ్నానికి ఒక్క ట్రాకు మిగిలింది.

"దొరికాడు దొంగ! మావాడు కాదు."

అదొక పాత వయొలిన్ ప్లగిన్. తయారుచేసిన సంస్థ ఎప్పుడో మూతపడింది. కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఆ పాత ఫార్మాట్ సరిగ్గా అర్థం కాదు. అది ఎక్కడ తడబడినా మిగతా అన్నిటినీ వెంట లాక్కుపోతోంది.

"తీసేయండి. ఇంతకంటే మంచి వయొలిన్లు బోలెడు ఇస్తాను."

"తీయను."

"ఎందుకు?"

"తీయనంతే."

"మూడురోజులు చేసిందంతా ఈ మాట కోసమా?" ఆమె విసురుగా సంచీ సర్దుకుని హాల్లోకొచ్చింది.

అక్కడ అతని తండ్రి కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అయినా కప్పు వణుకుతూనే ఉంది.

"కోప్పడకమ్మా. ఆ వయొలిన్ నాది. ఎనిమిదేళ్ళ కిందట మూడువారాలు స్టూడియోలో కూర్చుని ఒక్కో స్వరమే వాయిస్తే ఆ ప్లగిన్ కంపెనీవాళ్ళు రికార్డు చేసుకున్నారు. ఇప్పుడీ వేళ్ళు మాట వినవు. తీసెయ్యరా అని నేనూ చెప్పాను. వింటేనా!"

ఆమె వెనక్కి తిరిగింది. గుమ్మంలో అతను తల దించుకుని నిలబడ్డాడు.

"ముందే చెప్పొచ్చుగా?"

"జాలి పడతారేమోనని..."

"జాలి సంగతేమో గానీ, ఈ పోట్లాట తప్పేది కదండీ." సంచీ మళ్ళీ కింద పెట్టింది. "మీ పాత కంప్యూటర్ ఉందా?"

మంచం కింద దుమ్ము కొట్టుకుని ఉంది. ఆమె నాలుగురోజులు సెలవు పెట్టింది. పాత సాఫ్ట్‌వేరే ఉన్న ఆ కంప్యూటర్‌లో ప్లగిన్‌ని ఒంటరిగా నడిపించి, స్వరం తర్వాత స్వరం మళ్ళీ రికార్డు చేసి, వాటన్నిటితో కొత్త ఫార్మాట్‌లో కొత్త వాద్యం కట్టింది. పెద్దాయన పక్కనే కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుని వినేవాడు.

"ఇది గట్టిగా పడింది తల్లీ. మెత్తగా వాయించింది ఇంకోటుండాలి, వెతుకు."

వెతికితే ఉండేది.

ఎనిమిదో రోజున టెంప్లేట్ తెరిచారు. పది నిమిషాలు గడిచాయి. గంట గడిచింది. సాయంత్రం దాకా అతను వాయిస్తూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా పడిపోలేదు. సినిమాలో చివరి సన్నివేశానికి తండ్రి వయొలిన్ మొదలవగానే పెద్దాయన కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

అయిపోయాక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే ఇంకో పదేళ్ళు వాయిస్తానన్నమాట. నీ మేలు మరిచిపోనమ్మా."

సినిమావాళ్ళకి సంగీతం అప్పగించిన రోజున అతను ఆమెను బస్టాపు దాకా దిగబెట్టాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి.

"చాలా థాంక్సండీ."

"పొద్దుట్నుంచి ఇది ఏడోసారి."

"అసలు చెప్పాల్సింది వేరే ఉంది. అది నోటికి రాక ఇది చెప్తున్నా."

బస్సొచ్చింది. ఆగింది. వెళ్ళిపోయింది.

"అది మీ బస్సేగా? ఎక్కలేదేం?"

"మీరు అసలుది ఇంకా చెప్పందే?"

చెప్పాడు. రెండుచోట్ల తడబడ్డాడు, ఒకచోట మళ్ళీ మొదటికొచ్చాడు. ఆమె మధ్యలో ఆపకుండా మొత్తం విన్నది.

"మా అమ్మకి నేను చెప్పుకుంటాను. ఒప్పుకుంటుంది," అంది చివరికి, తడిసిన మొహంతో నవ్వుతూ. "మరి మీ నాన్నగారికి ఎవరు చెప్తారు?"

"ఆయనకి నేను చెప్పేదేముంది? నువ్వు సంచీ కింద పెట్టిన రోజే ఆయనే నాకు చెప్పారు, ఈ అమ్మాయిని పోగొట్టుకోకురా అని."