రంగు తెలుపండి

మబ్బుకూ గుమ్మడికీ పొంతన కుదరలేదు.

హైమవతి తెర మీద రెండు కుక్కల జన్యుతీగల్నీ పక్కపక్కకు జరిపి చూసింది. రెండింటిలోనూ చినుకు ఉంది. ఒక్క చినుకైతే అందమే. బూడిదనీలం ఒంటి మీద ఎవరో నల్లరంగు చిలకరించినట్టు ఉంటుంది. ఆ చిలకరింపు కోసమే జనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చినుకులు ఒకే పిల్లలో పడితే మాత్రం రంగంతా కడుక్కుపోతుంది. తరచుగా దానితోపాటే చెవులూ కళ్లూ పోతాయి. కోరిన రంగు కుక్కల్ని పుట్టించే ఈ వర్ణశాలలో పనికి చేరినవాళ్లకు మొదట నేర్పే సంగతి అదే.

"కుదరలేదు," అంది పైకి.

గోడలోని సరిచూపు యంత్రం ఎర్రదీపం వెలిగించి గుమ్మడి పేరును తప్పించింది.

తర్వాత మబ్బుకు జతగా చార. చారకు నీలం పైకి కనిపించదు గానీ ఒక పాలు లోపల ఉంది. మబ్బులో రెండు పాళ్లూ నీలమే. పిల్లల్లో సగం నీలంగా పుడతాయి. నీలం పిల్లల్లో కొన్నింటికి పెద్దయ్యాక వీపు మీది బొచ్చు రాలిపోతుందని హైమవతికి తెలుసు. కొనేవాళ్లకూ తెలుసు. వాటికోసం మెత్తటి చొక్కాలు కుట్టే దుకాణాలు కింది అంతస్తులోనే ఉన్నాయి.

"కుదిరింది."

పచ్చదీపం.

కిటికీ అవతల భీమిలి సముద్రం చూడటానికి వీల్లేనంతగా మెరుస్తోంది. పొద్దుటి సైరన్ మోగి చాలాసేపయింది. ఇక ఎండ వాలేదాకా ఎవరూ బయట తిరగకూడదు. ఈ జాతి కుక్కల ముక్కులు లోపలికి అణిగిపోయినట్టే, మనుషులు కూడా ఏళ్లు గడిచేకొద్దీ లోపలికి ఒదిగిపోయారు. చల్లటి సౌధాల్లో గదికొక మనిషి, మనిషికొక కుక్క. గోడకూ పరుపుకూ నప్పే రంగు కుక్క.

తలుపు తోసుకుని చక్రాలబండితో పైడిరాజు వచ్చాడు. కుక్కలకు స్నానాలు, తిండి, మోతలు అన్నీ అతనివే. బండి మీద కోవా పడుకుని ఉంది. కడుపు బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయి, గురకలాంటి ఊపిరి తీస్తోంది.

"డాట్రమ్మ రమ్మంతందండి. పోతాపోతా మీకోపాలి మొకం సూపిద్దారని ఇలాగొచ్చేను."

"ఏమీ పెట్టలేదుగా?"

"కోతకి ముందు ఎట్టకూడదన్నారు గదండి. ఆకలికి నా సెప్పు నాకీసింది. పిల్లలు నా సెప్పు రంగులో పుడితే నన్ననకండి."

హైమవతి నవ్వుతూ వంగి కోవా చెవుల మధ్య రాసింది. మీగడరంగు కుక్క. ఈ జాతికి తలలు పెద్దవి, తల్లుల నడుములు సన్నం. కోత లేకుండా కాన్పు కాదు. కోవాకు ఇది మూడో కోత. చెయ్యి తగలగానే అది తల ఎత్తింది. బల్లదీపం వెలుతురు ఎడమ కంట్లో పడింది. నల్లగుడ్డు అంచున గసగస గింజంత నీలం.

హైమవతి చెయ్యి ఆగిపోయింది. మళ్లీ అదే మచ్చ.

రెండు నెలల కిందట, మబ్బుతో పొంతన చూసిన రోజునే ఆ మచ్చ ఆమె కంటపడింది. కంట్లో అలాంటి మచ్చ లోపల చినుకుందనడానికి గుర్తు. దీపం నీడేమో అనుకుంది. అయినా సరిచూపును అడిగింది. "కోవాకు చినుకు పరీక్ష చేశారా?" సరిచూపు ఎప్పటిలాగే మర్యాదగా జవాబిచ్చింది. "మీగడ వర్ణానికి చినుకు పరీక్ష వర్తించదు." మీగడ మాటున నీలం ఉందో లేదో చూస్తారు, తర్వాతి కాన్పుల్లో దానికి గిరాకీ కనక. చినుకు చూడరు. చినుకంటూ ఉంటే పైకి కనిపించి తీరుతుందని వర్ణశాల నమ్మకం.

నమ్మకం తప్పని హైమవతికి తెలుసు. చినుకు నల్లదనం మీదే పడుతుంది. నల్లదనాన్ని పైకి రానివ్వని రంగు మీగడ. పాలగిన్నె మీద మూతలాంటిది. మూత కింద ఏముందో మూతను చూసి చెప్పలేం. ఇదివరకు రెండుసార్లూ కోవాను మీగడతోనే కలిపారు. పిల్లలన్నీ మీగడే పుట్టాయి. మూత తియ్యాల్సిన అవసరమే రాలేదు.

ఇంత తెలిసీ ఆమె ఆ రోజు "కుదిరింది" అనేసింది. పచ్చదీపం వెలిగింది. క్యారేజీ చల్లారిపోతోందని లేచి వెళ్లింది. తలుచుకుంటే ఇప్పుడు ఆ క్యారేజీలో ఏ కూర ఉందో కూడా గుర్తులేదు.

"ఏటండి, అలాగుండిపోనారు?" అన్నాడు పైడిరాజు.

"ఏం లేదు. తీసుకెళ్లు."

బండి చప్పుడు వసారా చివరికి పోయాక తెర మీద సత్యవాణమ్మ ప్రత్యక్షమైంది. పై సౌధంలో ఉంటుంది. బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మబ్బు పిల్లల్లో నీలిచినుకు ఒకటి ఆమెకు వెళ్లాలి. సాయంత్రం తొలిచూపు. పిల్లను తెర మీద చూపించి మాట ఇస్తారు, పాలు మరిచాక ఇంటికి పంపుతారు.

"ఏమ్మా, పుట్టాయా?"

"ఇంకా లేదండీ. ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారు."

"పొద్దుటినుంచి పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. పెళ్లిచూపులకు కూడా ఇంత ముస్తాబవలేదు. సోఫా గలేబులు మార్పించాను, బూడిదరంగువి. బాగుంటుందా?"

"బాగుంటుందండీ."

సత్యవాణమ్మ గొంతు తగ్గించింది. "రంగు సంగతి సరే. నాకు కావల్సింది ఒకటేనమ్మా. పిలిస్తే పలకాలి. ఇంట్లో నేను పిలిస్తే పలికే ప్రాణి లేదు."

హైమవతి తన ఇల్లు తలుచుకుంది. తనింట్లో మనిషి ఉన్నాడు. పెళ్లప్పుడు జాతకాలు చూసినాయన ఇంత పొంతన అరుదుగా కుదురుతుందన్నాడు. గ్రహాలు చూశారు, నాడులు చూశారు. మనిషి మాట్లాడతాడో లేదో ఎవరూ చూడలేదు. శేషగిరి చెడ్డవాడేం కాదు. అన్నం తిని చెయ్యి కడుక్కుని తన గదిలోకి వెళ్లిపోతాడు, అంతే.

"పిలుస్తానండీ, పుట్టగానే," అని తెర మూసింది.

కాసేపటికి కిందినుంచి డాక్టర్ ఎస్తేరు గొంతు వినిపించింది. "అక్కా, ఒకసారి రా."

రంగు చెప్పడానికి ఎలాగూ వెళ్లాల్సిందే. కానీ ఆ పిలుపులో ఏదో ఉంది. హైమవతి మెట్లు దిగింది.

కోవాకు కుట్లు వేయడం అయిపోయింది. ఇంకా మత్తులోనే ఉంది. పక్కన వెచ్చటి తొట్టిలో నాలుగు పిల్లలు. పైడిరాజు ఒక్కోదాన్నీ తువ్వాలుతో రుద్దుతున్నాడు. ఎస్తేరు చేతి తొడుగులు విప్పి, గోడకు ఆనుకుని నిలబడింది. "నువ్వే చూడు. నేనేం మాట్లాడను."

"మొదటి పిల్ల. రంగు తెలుపండి," అంది సరిచూపు.

ఆ ఒక్క పనీ మనిషికి మిగిల్చారు. కొలతలన్నీ సరిచూపే తీస్తుంది. కానీ యంత్రం చెప్పిన రంగు తమ ఇంట్లో వెలుతురుకు వేరేగా ఉందని జనం గొడవపెట్టడంతో, రంగు పేరు మాత్రం మనిషి కంటితో చూసి నోటితో చెప్పాలని నియమం పెట్టారు. చెప్పినదాన్ని సరిచూపు దిద్దకూడదు.

"నీలిచినుకు."

"రెండో పిల్ల. రంగు తెలుపండి."

"నీలిచినుకు."

"మూడో పిల్ల. రంగు తెలుపండి."

"నీలం."

పైడిరాజు నాలుగోదాన్ని తువ్వాలులోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. మంచుముక్కలా తెల్లగా ఉంది. కుడి చెవి మీద మాత్రం బొటనవేలి ముద్రంత నీలం. ముక్కు గులాబీరంగు. మూసుకున్న రెప్పల కింద ఒక కన్ను గుండ్రంగా తెలుస్తోంది. రెండో కన్ను తెలియడం లేదు. హైమవతి వేలు అక్కడ ఆనించి, తీసేసింది. పిల్ల ఆ వేలికోసం నోరు తెరిచింది.

"నాలుగో పిల్ల. రంగు తెలుపండి."

తెలుపు అంటే చాలు. ఆ మాట ఆమె నోట్లోంచి రాగానే పక్క గోడలో చిన్న తలుపు తెరుచుకుంటుంది. అవతల నిద్రగది. తెల్లపిల్ల చెవిటిదని, గుడ్డిదని సరిచూపు లెక్క. చెవిటిపిల్ల ఎవరింటి పిలుపుకూ పలకదు కనక, నొప్పి లేకుండా నిద్రపుచ్చుతారు.

"ఇది చెవిటిదేనంటావా?" అంది హైమవతి.

"ఇప్పుడెలా తెలుస్తుందక్కా? ఏ కుక్కపిల్లకైనా పుట్టగానే చెవులు మూసుకునే ఉంటాయి. కొన్ని వారాలాగి చూడాలి. ఇలాంటివాటిల్లో వినేవీ ఉంటాయి. వినకపోయినా నేల అదురును బట్టి మనిషి వచ్చాడని తెలుసుకునేవీ ఉంటాయి." ఎస్తేరు తొట్టి వైపు చూసింది. "కానీ అన్ని వారాలు ఎవరాగుతారు?"

"మీగడ అనీయండమ్మా," అన్నాడు పైడిరాజు, గోడకు వినిపించకూడదన్నట్టు. "తల్లి మీగడే గదా. ఎవులు సూత్తారు? నానే పెంచుకుంతాను."

హైమవతి పిల్లను గుండెకు ఆనించుకుంది. మీగడ అంటే ఇది బతుకుతుంది. నిజమే. కానీ కోవా కూతురు జున్నుకు మబ్బు కొడుకు ముసురుతో నిన్ననే పొంతన కుదిరింది. కుదిరిందన్నది తనే. జున్నులోనూ తల్లి చినుకు ఉండొచ్చు. ముసురులో ఉండనే ఉంది. ఇవాళ మీగడ అంటే ఆ పచ్చదీపాలు అలాగే వెలుగుతుంటాయి. పోనీ నిజం చెప్పి తెలుపు అందామా? ఈ పిల్ల నిద్రగదికి పోతుంది, సరిచూపు దీన్ని కారణం లేని తప్పు కింద కొట్టేస్తుంది. దీపాలు మాత్రం ఆరవు. ఇలాంటి పిల్లలు మళ్లీ పుడతాయి.

"సరిచూపూ," అంది. "కోవాలో చినుకు దాగి ఉంది. జున్నులో కూడా ఉండొచ్చు. పరీక్ష చెయ్యాలి."

"మీగడ వర్ణానికి చినుకు పరీక్ష వర్తించదు. నాలుగో పిల్ల. రంగు తెలుపండి."

ఎస్తేరు నిట్టూర్చింది. "దాంతో వాదించి ఏం లాభం అక్కా? రోజూ చేసేదేగా. చెప్పెయ్."

రోజూ చేసేదే. ఇన్నేళ్లుగా ఈ గోడ అడిగిన ప్రతిదానికీ ఏదో ఒకటి చెబుతూనే ఉంది. కుదిరింది, కుదరలేదు, నీలం, మీగడ, చార. అనుమానం ఉన్నప్పుడు కూడా. ఆ రోజు ఆ నీలిమచ్చ చూసినప్పుడు అనాల్సిన మాట ఒకటి ఉంది. ఎంతో చిన్నమాట. తెలియదు అని ఉంటే సరిపోయేది. ఆ మాట అనడం తన ఉద్యోగానికే తప్పన్నట్టు మింగేసింది. అది మింగినందుకు ఈ పిల్ల ఒక కన్ను లేకుండా పుట్టింది.

"తెలియదు," అంది హైమవతి.

సరిచూపు తన రంగుల పట్టీ వెతికింది. "ఆ రంగు వర్ణమాలలో లేదు. రంగు తెలుపండి."

"తెలియదు."

"రంగు తెలుపండి."

"చెప్పానుగా. నాకు తెలియదు. ఈ తెల్లదనం కింద ఏముందో తెలియదు. దీనికి వినిపిస్తుందో లేదో తెలియదు. దీని అక్క జున్నులో ఏముందో కూడా తెలియదు."

పచ్చదీపం వెలగలేదు, ఎర్రదీపమూ వెలగలేదు. పసుపుదీపం వెలిగింది. రంగు చెప్పని పిల్ల ఉన్నంతవరకూ కాన్పు పూర్తయినట్టు కాదు. కాన్పు పూర్తికాని తల్లిదండ్రుల వంశంలో ఏ పొంతనా ముందుకు సాగదు. అది సరిచూపు నియమమే. దానికి అవసరం పడుతుందని పెట్టినవాళ్లు కూడా అనుకుని ఉండరు.

పైడిరాజు వసారాలోకి పరిగెత్తి, మెడ ఎత్తి చూసి వచ్చాడు. "అమ్మగోరూ! మబ్బు గదికి పసుపొచ్చీసింది. జున్నుకి, ముసురికి, ఆ సివరనున్న చారకి కూడాను. సగం వసారా పసుపే. పెళ్లోరి ఇల్లులాగుంది."

"మనం కూడా బంతిపూలు పెట్టుకుందాం," అంది ఎస్తేరు. నవ్వబోయి, మానేసింది. "రేపు నీ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతారక్కా."

"పెడితే పెట్టనీ. పుట్టినప్పుడు చూసినవాళ్లే రంగు చెప్పాలి. వచ్చేవాళ్లు దీన్ని చూడలేదుగా."

కోవా మత్తులోంచి తేరుకుని మూలిగింది. పైడిరాజు మిగతా మూడింటినీ దాని పొట్ట దగ్గర చేర్చాడు. హైమవతి నాలుగోదాన్ని చివర పెట్టింది. కోవా మెడ తిప్పి అన్నింటినీ ఒకే తీరుగా నాకింది. తెల్లదాని దగ్గర కొంచెం ఎక్కువసేపు నాకిందేమో. హైమవతికి అలా అనిపించింది.

సాయంత్రం తెర వెలిగింది. సత్యవాణమ్మ పట్టుచీర నలిగిపోయింది. వెనక బూడిదరంగు సోఫా ఖాళీగా ఉంది.

"తొలిచూపు ఆగిపోయిందంటోందేమిటమ్మా మీ యంత్రం? నా పిల్ల బాగానే పుట్టిందా?"

"బాగానే పుట్టిందండీ. మీ తప్పేం లేదు, దాని తప్పూ లేదు. పొరపాటు నాది. దీనికి చెల్లెలు ఒకటి పుట్టింది. దాని సంగతి తేలేదాకా ఏదీ కదలదు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"తెలియదండీ."

అవతల ముసలావిడ నలిగిన కుచ్చెళ్లు సర్దుకుంది. వర్ణశాల నుంచి ఆమె ఆ మాట వినడం ఇదే మొదలు. కోప్పడుతుందనుకుంది హైమవతి. కోప్పడవలసిన మనిషే. ఆ ఖాళీ సోఫాలో ఇవాళ తన మూలంగా ఎవరూ కూర్చోరు.

"ఆ చెల్లెలికి ఏమైంది?" అంది సత్యవాణమ్మ చివరికి.

"పిలిస్తే పలకదేమోనండీ."

హైమవతి చెయ్యి ఇంకా పురిటివాసన కొడుతోంది. కింది గదిలోంచి, అలుపు లేకుండా, అదే మర్యాదతో, అదే గొంతు పైకి వినిపిస్తోంది. రంగు తెలుపండి. రంగు తెలుపండి.