ఆగి ఆగి వెళ్ళే ఆకాశ వస్తువు

"కళ్ళు చూపించుకున్నారా?" అని అడిగాను.

దర్యాప్తులో మొదటి ప్రశ్న అదేనని పై ఆఫీసు కాగితంలో ఉంది.

రాడార్ ఆపరేటర్ తెర మీంచి తల తిప్పలేదు. "చూపించుకున్నాను సార్. మీ చొక్కా గుండీ పక్క కాజాలో ఉంది."

గుండీ సరిచేసుకున్నాను. దర్యాప్తు అక్కడే సగం ఓడిపోయింది.

పది రోజులుగా పొద్దున ఏడింటికి కొండ దగ్గర గుర్తు తెలియని చుక్క ఒకటి ఆమె తెర మీద తిరుగుతోంది. విమానాలు పంపితే పైలట్లకు ఏమీ కనబడలేదు. కమాండర్ ఆమె చూపునే అనుమానించాడు. నేను 'ఆపరేటర్ పొరపాటు' అని రాస్తే ఆమెను స్టోర్స్‌లో దుప్పట్లు మడతపెట్టే పనిలో వేస్తారు.

"నన్ను దుప్పట్లలోకి తోసెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది సార్?"

"మీరు పని చేసుకోనిస్తే రెండు రోజులు."

"అయితే నెల్లాళ్ళు ఉంటారన్నమాట."

మరునాడు ఆమె పక్కనే కూర్చున్నాను. చుక్క నడిచింది. ఆగింది. మళ్ళీ నడిచింది. నేను పశువులను తోలినవాణ్ణి. నడకను బట్టి దేన్నయినా పోల్చుకోగలను.

"ఎగిరేది ఇలా ఆగదండీ. కింద చలిగాలి, పైన వెచ్చగాలి ఉంటే రాడార్ కిరణం నేలవైపు వంగి, నేల మీద తిరిగేవాటినీ చూపిస్తుంది కదా?"

ఆమె మొదటిసారి నావైపు తిరిగి చూసింది. తరవాత చెప్పబోయింది మరిచిపోయాను.

మూడోరోజు వైర్‌లెస్ సెట్టు పట్టుకుని కొండదారిలో నిలబడ్డాను. రాడార్ గదిలో సెట్టు ముందు ఆమె, ఆమె వెనక కమాండర్.

"వస్తోంది సార్... మీ నెత్తి మీదే ఉంది!"

పైన ఏమీ లేదు. ఎదురుగా బస్సు హారన్ కొట్టింది. చెయ్యెత్తి ఎక్కేశాను.

"ఒక్కసారి ఆపండి," అన్నాను డ్రైవరుతో.

"టైము పోతుంది సార్."

"ఒకమ్మాయి ఉద్యోగం పోతుంది."

"ఏ అమ్మాయి?"

"రాడార్ అమ్మాయి."

బ్రేకు పడింది. బస్సంతా ముందుకు తూలింది.

"ఆగింది!" అంది ఆమె. "మళ్ళీ నడపమను," అన్నాడు కమాండర్. నడిచింది. ఆపమన్నాడు. ఆగింది. నాలుగోసారికి ఒక పెద్దావిడ, "ఏం నాయనా, బండికి ఎక్కిళ్ళా?" అంది.

"ఆపరేటర్ కళ్ళు బాగానే ఉన్నాయని రాయి," అన్నాడు కమాండర్.

డ్రైవరు నా చేతిలో సెట్టు లాక్కున్నాడు. "అమ్మడూ! విమానాలు పంపింది నా మీదకా?"

"నాన్నా! నీ రూటు ఇది కాదుగా?"

"మారి పది రోజులు దాటింది. ఫోను చేస్తేగా తెలిసేది!"

సెట్టు వెనక్కి తీసుకున్నాను. రిపోర్టు రాస్తే రేపే నా తిరుగుప్రయాణం.

"ఒక ప్రశ్న మిగిలింది. నేను ఇక్కడికే బదిలీ అడిగితే మీకు అభ్యంతరమా?"

సెట్టు గరగరలాడింది. బస్సంతా దానివైపు వంగింది.

కమాండర్ గొంతు వచ్చింది. "తల అడ్డంగా ఊపుతోందయ్యా."

బస్సంతా ఉసూరుమంది.

"అభ్యంతరమా అని అడిగితే ఇంకెలా ఊపుతారు సార్!" అని ఆమె అరిచింది.

డ్రైవరు గేరు వేశాడు. "తలుపు దగ్గర వేలాడకు అల్లుడూ, లోపలికి రా. పడ్డావంటే మా అమ్మాయి నన్నే అంటుంది."