సొట్ట తీసిన బంపరు

"ఇది మా కారు కాదమ్మా... మా కారెక్కడ పెట్టారు?"

ఇన్నేళ్లు కాపురం చేసిన భర్త తనను పరాయి మనిషిలా "అమ్మా" అనేసరికి సుబ్బరావమ్మ మనసు చివుక్కుమంది. మతిమరుపు జబ్బు వచ్చాక అంకమ్మరావు అందరినీ మరిచిపోయాడు, కన్నకూతురినీ, చివరికి ఆవిడనూ! మరిచిపోనిది వాకిట్లోని పాత అంబాసిడర్ ఒక్కటే. పొద్దున్నే దాని ముందు బంపరు సొట్టలో బొటనవేలు పెట్టి నిలబడేవాడు. కొత్త కాపురంలో ఆయన డ్రైవింగ్ నేర్పుతుంటే, ఆవిడ తిన్నగా తీసుకెళ్లి మిర్చి కల్లంలో రాయికి గుద్దిన సొట్ట అది. ఆ వేలు అక్కడున్నంతకాలం ఆయన గేటు దాటలేదు. ఆవిడకదే కొండంత ధైర్యం.

బంపరు మెరిస్తే ఆయన మొహమూ వెలుగుతుందని ఆశపడింది పిచ్చితల్లి! ఇత్తడి బిందె తోమినట్టు చింతపండూ ఉప్పూ పెట్టి రోజూ తోమింది. ఉన్న క్రోమ్ కాస్తా పొరలుగా లేచి తుప్పు బయటపడింది. కూతురు శ్రీరమ్య తల పట్టుకుని, కారంతా బాగు చేయిద్దామని ఇంజను షెడ్డుకూ, బంపరులాంటి మెరుపు సామాన్లు గుంటూరులో క్రోమ్ పూత వేసేవాళ్లకూ పంపింది. అవి తిరిగొచ్చేదాకా గేటుకు తాళం వేసి ఉంచింది. పూతకు ముందు సొట్టలు తీసి నున్నగా సానబట్టాలన్నారు. తల్లీకూతుళ్లిద్దరూ సరేనన్నారు... అదే కొంప ముంచింది.

ఇవాళ మెరుపు సామాన్లన్నీ బిగించారు, ఇంజను మాత్రం ఇంకా షెడ్డులోనే ఉంది. ఆయన బంపరును ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు. మళ్లీ తడిమాడు. వేలికి చోటు దొరకలేదు. అంతే, తన కారు వెతుక్కుంటూ చెప్పుల్లేకుండా మిరప చేల వైపు బయలుదేరాడు.

"నాన్నకున్న ఒక్క ఆనవాలూ నేనే చెరిపేశానమ్మా" అని శ్రీరమ్య కుమిలిపోయింది. సుబ్బరావమ్మ వెంటపడి చెయ్యి పట్టుకుంటే ఆయన విదిలించుకున్నాడు. ఎండలో ఆయన వెనకే తిరిగి, బతిమాలి, ఎలాగో వాకిట్లోకి తెచ్చేసరికి ఆవిడకు కళ్లు తిరిగాయి. పడిపోకుండా కారు ఎడమ తలుపు పిడి పట్టుకుంది. మెరుపు సామాన్లలో తలుపు పిడులు మాత్రమే కొత్త పూత లేకుండా పాతవే ఉన్నాయి. అవి వేరే లోహమనీ, యాసిడ్ తొట్టెలో కరిగిపోతాయనీ పూతవాళ్లు వెనక్కి పంపేశారు.

అంకమ్మరావు చూపు ఆ పిడి మీద ఆగింది. ఆవిడ వేళ్లను మెల్లగా తప్పించి, పిడిని కాస్త పైకెత్తి లాగాడు. తలుపు తెరుచుకుంది.

"ఎక్కు. నీకీ తలుపు ఎప్పటికీ చేతకాదు."

నేనెవరినండీ అని అడగాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంది... ఏం చెబుతాడోనని భయమేసి అడగలేదు. కళ్లు తుడుచుకుని, ఇంజను లేని ఆ కారులో ఎక్కి కూర్చుంది.